38 ఏళ్లకు ఎంబీబీఎస్: అడ్డుపడేది వయసు కాదు, కాగితాలు

బైపీసీ చదివి చాలాకాలంగా ఫార్మసీలో ఉద్యోగం చేస్తున్నానని, 38 ఏళ్ల వయసులో నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరడం సాధ్యమేనా అని మీరు అడిగారు. సాధ్యమే. నేను జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చదివి, కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా ఏళ్లతరబడి పనిచేసి, దాదాపు మీ వయసులోనే, ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా భర్తీచేసే కన్వీనర్ కోటాలో సీటు తెచ్చుకున్నాను. ప్రస్తుతం రెండో సంవత్సరం చదువుతున్నాను.

2018లో జనరల్ అభ్యర్థులకు 25 ఏళ్లు, రిజర్వుడు వర్గాలకు 30 ఏళ్లు గరిష్ఠ వయోపరిమితిగా పెట్టారు. దానిని ఢిల్లీ హైకోర్టు సమర్థించినా, అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు 25 దాటినవారిని కూడా పరీక్ష రాయనిమ్మని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. చివరకు 2022 మార్చిలో జాతీయ వైద్య కమిషన్ ఆ పరిమితిని పూర్తిగా ఎత్తివేసింది. ఇప్పుడు 17 ఏళ్లు నిండాలన్న కనిష్ఠ నిబంధన ఒక్కటే మిగిలింది. నేను పరీక్షకు చదువుతున్నానని తెలిసిన ప్రతి బంధువూ, 2020లో 64 ఏళ్ల వయసులో నీట్‌లో అర్హత సాధించి బుర్లా వైద్య కళాశాలలో చేరిన ఒడిశా విశ్రాంత బ్యాంకు ఉద్యోగి జయ్ కిశోర్ ప్రధాన్ గారి వార్తను నాకు వాట్సాప్‌లో పంపేవారు. ఆయన పట్టుదలకు నమస్కరిస్తాను గానీ, ఉద్యోగ జీవితం ముగించుకున్న మనిషి పరిస్థితీ, ఇంటి రుణం వాయిదా కడుతూ పిల్లలను బడికి పంపే మనిషి పరిస్థితీ ఒకటి కావు.

పరీక్ష గురించి క్లుప్తంగా చెబుతాను. 720 మార్కుల్లో జీవశాస్త్రానికి 360 ఉంటాయి కాబట్టి, మందుల మధ్యే పనిచేసే మీకూ నాకూ అది తేలికని అందరూ అనుకుంటారు. కానీ అందులో సగం వృక్షశాస్త్రం. వెంటిలేటర్ సెట్టింగులు కంఠస్థంగా తెలిసిన నేను, మెండెల్ బఠాణీల దగ్గర మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. ఫిజిక్స్‌కు 180 మార్కులు. పెద్దవారిని ముంచేది ఆ 45 ప్రశ్నలే. లాంగ్‌టర్మ్ కోచింగ్ ముప్పై దాటినవారికి దండగ అన్నది నా గట్టి అభిప్రాయం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, ఫిజిక్స్ లెక్కలు చెప్పే ఒక ఓపికైన మాస్టారు దొరికితే చాలు.

అసలు పరీక్ష ర్యాంకు వచ్చిన తరువాత మొదలవుతుంది. తెలంగాణలో స్థానికులుగా పరిగణించాలంటే ఇంటర్‌తో ముగిసే చివరి నాలుగేళ్లు ఇక్కడే చదివినట్లు చూపాలి. ఈ నిబంధనను సుప్రీంకోర్టు కూడా 2025లో సమర్థించింది. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయమన్నారు. నేను పదో తరగతి చదివిన ప్రైవేటు బడి ఎప్పుడో మూతపడింది, ఆ స్థలంలో ఇప్పుడు టైల్స్ దుకాణం నడుస్తోంది. మూతపడిన బడి రికార్డులు మండల విద్యాధికారి కార్యాలయానికి చేరతాయని విశ్రాంత ఉపాధ్యాయుడొకరు చెబితే అక్కడికి వెళ్లాను. గుమస్తా గారు తాళం పట్టని ఇనుప బీరువాలోంచి చెదలు పట్టిన అడ్మిషన్ రిజిస్టరు తీసి, నా పేరున్న వరుసను వేలితో పట్టుకొని, నా ఆధార్ కార్డు వైపు చూసి ఆగిపోయారు. రిజిస్టరులో మా పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు.

"ఈ పిల్ల మీరేనని నేనెట్ల రాసియ్యాలె, అమ్మా?" అన్నారు.

పెళ్లి ధ్రువపత్రం చూపిస్తే అందులో మా నాన్నగారి పేరు అక్షరాలు వేరుగా ఉన్నాయన్నారు. చివరకు రక్షించింది పదో తరగతి మెమో. అందులో పుట్టుమచ్చల వివరాలు ఉంటాయి కదా. కుడి ముంజేతి మీద పుట్టుమచ్చ అని రిజిస్టరులోనూ ఉంది, మెమోలోనూ ఉంది. నేను చేతి గాజులు పైకి జరిపి బల్ల మీద చెయ్యి పెడితే, ఆయన కళ్లద్దాలు సవరించుకొని, శవపంచనామా చేస్తున్నంత శ్రద్ధగా పరిశీలించి, ఆ తరువాతే కాగితం రాశారు. సంతకం పెట్టవలసిన అధికారి బడుల తనిఖీకి వెళ్లారు. అప్‌లోడ్ గడువు మరునాటితో ముగుస్తుంది. ఆయన తిరిగి వచ్చేదాకా సాయంత్రం వరకు వరండాలోనే కూర్చున్నాను.

పెళ్లయిన ఆడవాళ్లకు ఈ ఇంటిపేర్ల గొడవ ఎక్కడా తప్పదు, దానికి తోడు ఈ వ్యవస్థ అంతా పదిహేడేళ్ల పిల్లవాడినీ, వాడి వెనుక నిలబడ్డ తండ్రినీ ఊహించుకొని తయారుచేసినది. ర్యాగింగ్ చేయబోనని విద్యార్థితో పాటు తల్లిదండ్రులు కూడా హామీపత్రం ఇవ్వాలి. పిల్లల తల్లినైన నేను ఎవరినీ వేధించనని మా నాన్నగారు చేతికర్ర పట్టుకొని వచ్చి సంతకం పెట్టి వెళ్లారు. అందుకే చెబుతున్నాను: ఫిజిక్స్ పుస్తకం తెరవకముందే ఎస్సెస్సీ మెమో, ఆధార్, ఇంటర్ సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టుకొని అక్షరం అక్షరం సరిపోల్చుకోండి. తేడా ఉంటే ఆధార్‌ను మెమో ప్రకారం ఇప్పుడే మార్పించుకోండి.

ఇక డబ్బు. చదువు నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు తప్పనిసరి కనుక ఉద్యోగం చేసుకుంటూ చదవడం కుదరదు. నైట్ డ్యూటీలు చేద్దామనుకున్న నేను మొదటి సంవత్సరంలోనే ఆ ఆలోచన మానుకున్నాను. తెలంగాణ ప్రైవేటు కళాశాలల్లో కన్వీనర్ సీటుకు ఏడాదికి 60,000 రూపాయల ఫీజు ఉంటే, యాజమాన్య కోటా అయిన బీ కేటగిరీలో పది లక్షలు దాటుతుంది. మొదటిది వస్తే చేరండి. రెండోదానికి మన వయసులో అప్పు చేయవద్దు, ఇల్లు తాకట్టు అసలే పెట్టవద్దు. మా ఇల్లు మా ఆయన జీతం మీద నడుస్తోంది కాబట్టే నేను చదవగలుగుతున్నాను. మీ ఇంట్లో ఆ రెండో జీతం ఉందో లేదో మీరు రాయలేదు.