కేస్ ఒకటే అయినా లెక్క ఒకటి కాదు

ప్రశ్న: .308 విన్‌చెస్టర్ కేస్ (పౌడర్ పోసే ఇత్తడి గొట్టం) మెడని .25 కాలిబర్‌కి సన్నగా నొక్కి చేసే వైల్డ్‌క్యాట్ తూటాకి రైఫిల్ చేయించుకున్నాను. తూటాలు నేనే లోడ్ చేసుకోవాలి, అంటే కేస్‌లో పౌడర్ పోసి ముందు బుల్లెట్ కూర్చోబెట్టాలి. నా దగ్గరున్న ఏ మాన్యువల్‌లోనూ దీనికి ఎంత పౌడర్ వెయ్యాలన్న లెక్కలు లేవు. చాలా ఏళ్లుగా .308కి లోడ్ చేస్తున్న స్నేహితుడు "కేస్ అదే కదా, దానికి వేసినంత పౌడరే దీనికీ వెయ్యి, బుల్లెట్ తేలిక కాబట్టి ఏమీ కాదు" అంటున్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు.

జవాబు: ధైర్యం చాలకపోవడమే మంచిదైంది, ఆ పని అస్సలు చెయ్యొద్దు. మీ స్నేహితుడు కేస్‌ని చూస్తున్నారు, చూడాల్సింది బ్యారెల్ రంధ్రాన్ని. ఆయన బుల్లెట్ వ్యాసం 0.308 అంగుళం, మీది 0.257. వింటే చిన్న తేడాలాగే ఉంటుంది గానీ వైశాల్యం కట్టి చూడండి, మీ రంధ్రం దాదాపు 30 శాతం చిన్నది. పౌడర్ అంతే, పుట్టే గ్యాస్ అంతే, అది సర్దుకునే చోటు మాత్రం బుల్లెట్ ముందుకు జరిగే ప్రతి అంగుళానికీ అంత తక్కువ. పైగా ఈ పౌడర్ ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా వేగంగా కాలుతుంది, వేగంగా కాలితే ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది, కాబట్టి హద్దు దాటాక పరిస్థితి చెయ్యి జారడానికి ఎంతోసేపు పట్టదు. బుల్లెట్ తేలికైతే కొంత ఊరట ఉన్నమాట నిజమే, కానీ ఈ తేడా మొత్తాన్నీ అది పూడ్చేస్తుందని నమ్ముకోలేం. .308 విన్‌చెస్టర్‌కి అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామి పెట్టిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు 4,200 రెట్లు. అదంతా మీ ముఖానికి జానెడు దూరంలో జరుగుతుంది.

ఇదే కేస్ నుంచి పుట్టిన .243 విన్‌చెస్టర్ (1955), .260 రెమింగ్టన్ (1997) లెక్కలు మాన్యువల్స్‌లో ఉంటాయి, మీ .25 ఆ రెండింటి మధ్యే పడుతుంది. ఆ రెంటికీ సగటు తీసేస్తే పోలా అనిపించడం సహజం. ఏ రకం పౌడర్లు వాడుతున్నారో, వేగం ఎంతవరకు ఆశించొచ్చో తెలుసుకోవడానికి వాటిని చూడండి, అంతవరకే. తూచి కేస్‌లో పోసే అంకె మాత్రం అలా రాకూడదు.

ఎందుకో చెప్తాను. సామిలాంటి సంస్థ కొలతలు ఖాయం చేసిన తూటాకి ఛాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) ఎవరు కోసినా ఒక హద్దులోనే ఉంటుంది. వైల్డ్‌క్యాట్ అంటేనే అలాంటి ఒప్పందం లేని తూటా అని అర్థం. ఒకే పేరు చెప్పుకునే రెండు రీమర్ల (ఛాంబర్ కోసే పనిముట్లు) మధ్య మెడ వెడల్పు, బుల్లెట్ బ్యారెల్ లోపలి గాడులని తాకేముందు ఉండే ఖాళీ వేరువేరుగా ఉండొచ్చు. వేరొకరి రైఫిల్‌లో బాగా పనిచేసిన లోడ్ మీదాంట్లో ప్రమాదకరం కావొచ్చు, ఇద్దరూ నిజమే చెప్తున్నా సరే.

మెడ సంగతి నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యం. ఇత్తడిని సన్నగా నొక్కినప్పుడు అది ఎక్కడికీ పోదు, మెడ గోడ మందమవుతుంది. ఛాంబర్ మెడలో ఆ మందానికి చోటు లేకపోతే, కాల్చినప్పుడు మెడ విచ్చుకుని బుల్లెట్‌ని వదలలేదు, ఒత్తిడి ఒక్కసారిగా ఎగురుతుంది. ఇలాంటప్పుడు పౌడర్ తక్కువ వేశాం కదా అనుకుంటే లాభం లేదు. రీమర్ డ్రాయింగ్‌లో మెడ కొలత చూసి, బుల్లెట్ కూర్చోబెట్టిన తూటా మెడని మైక్రోమీటర్‌తో కొలిచి పోల్చుకోండి. కాల్చిన కేస్ మెడలోకి కొత్త బుల్లెట్ వేలి బలం కూడా లేకుండా జారిపోవాలి. జారకపోతే అక్కడితో ఆపేసి గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లండి.

కేస్ అడుగున పౌడర్‌ని అంటించే ప్రైమర్ చదునైందా, ఛాంబర్‌ని మూసే బోల్ట్ బిగుసుకుందా అని ఒత్తిడి గుర్తులు చూసుకుంటూ పోతే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. అవి చాలాసార్లు హద్దు దాటాకే కనిపిస్తాయి, కొన్ని రైఫిళ్లలో అప్పటికీ కనిపించవు. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌ని నేను ఎక్కువ నమ్ముతాను. అనుకున్నదానికన్నా వేగం ఎక్కువ వచ్చిందంటే సంబరపడకండి, ఆ వేగం ఒత్తిడిలోంచే వచ్చింది.

మీ ఛాంబర్ కోసిన గన్‌స్మిత్‌ని రీమర్ డ్రాయింగ్ అడిగి తీసుకోండి, దాంతో పౌడర్ తయారుచేసే కంపెనీ సాంకేతిక విభాగానికి రాయండి. కొన్ని కంపెనీలు ఇలాంటి ప్రశ్నలకి జవాబిస్తాయి. ఒత్తిడి కొలిచే ల్యాబ్‌లో పరీక్ష చేయించగలిగితే ఇంకా మంచిది. కంప్యూటర్ ప్రోగ్రామ్ ఇచ్చే అంకె అంచనా మాత్రమే, కొలత కాదు. ఇవేవీ కుదరకపోతే లోడ్ చెయ్యకుండా ఆగండి, రైఫిల్ ఎక్కడికీ పోదు.

ప్రశ్న: వైల్డ్‌క్యాట్ ఎప్పటికీ వైల్డ్‌క్యాట్‌గానే ఉండిపోతుందా?

జవాబు: లేదు, కొన్ని పెద్ద పేరు తెచ్చుకున్నాయి. .250 సావేజ్ 1915లో వచ్చింది. దాని మెడ నొక్కి .22 చేసిన తూటాని ఏళ్ల తరబడి జనం సొంతంగానే లోడ్ చేసుకున్నారు. 1963లో బ్రౌనింగ్ దానికి రైఫిల్ అమ్మింది, అప్పటికి ఫ్యాక్టరీ తూటాలే లేవు. 1965లో రెమింగ్టన్ దాన్ని .22-250 రెమింగ్టన్‌గా తీసుకుంది. .30-06 నుంచి వచ్చిన .25-06కీ 1969లో అదే జరిగింది. అప్పట్నుంచి వీటికి ఖాయమైన కొలతలు, మాన్యువల్‌లో లెక్కలు ఉన్నాయి. వైల్డ్‌క్యాటే కావాలన్న పట్టుదల లేని కొత్తవాళ్లకి నేను వీటినే సూచిస్తాను.

ప్రశ్న: కేస్ అడుగున .308 అనే ముద్ర ఉంది, లోపల .25 బుల్లెట్. ఇలా ఉంచెయ్యొచ్చా?

జవాబు: ఉంచొచ్చు గానీ పెట్టె మీద పెద్ద అక్షరాలతో తూటా పేరు, ఏ రైఫిల్‌కో రాయండి. ఆ ముద్ర చూసి ఎవరైనా దాన్ని మామూలు .308 రైఫిల్‌లో పెడితే అది లోపలికి వెళ్లిపోతుంది, పేలుతుంది కూడా. బుల్లెట్ గాడులని పట్టదు, మెడ చీలి గ్యాస్ వెనక్కి తన్నొచ్చు. ఒకే బల్ల మీద రెండు రకాల తూటాలు పెట్టొద్దు, మీ ఇంట్లో వేరేవాళ్లు కూడా ఆ రైఫిళ్లు వాడుతుంటే అసలే వద్దు.