జపాన్ కార్లకు మన్నికైనవన్న పేరు ఎలా వచ్చింది?

జపాన్ కార్లు అమెరికా కార్లకంటే ఎక్కువ కాలం మన్నుతాయన్న మాటలో నిజమెంత అన్న ప్రశ్నకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కర్మాగారం చరిత్రలో మంచి సమాధానం దొరుకుతుంది. అమెరికా సంస్థ జనరల్ మోటార్స్ 1982లో మూసివేసిన ఆ కర్మాగారంలో, టయోటాతో కలిసి నెలకొల్పిన ఉమ్మడి సంస్థ 1984లో కార్ల తయారీ మొదలుపెట్టింది. కార్మికులలో అత్యధికులు పాతవారే; మారింది పని పద్ధతి. అంతకుముందు ఏం జరిగినా, కార్లు వరుసగా కదులుతూ తయారయ్యే లైను ఆగకూడదు కాబట్టి, లోపమున్న కారు కూడా ముందుకు సాగిపోయేది, మరమ్మతు చివరలో జరిగేది. కొత్త పద్ధతిలో ఒక్క బోల్టు సరిగా బిగుసుకోకపోయినా కార్మికుడు తలపైన వేలాడే తాడును లాగుతాడు. బృంద నాయకుడు వెంటనే వచ్చి చూస్తాడు, నిర్ణీత వ్యవధిలో సమస్య తీరకపోతే లైనే ఆగిపోతుంది. నాణ్యత త్వరలోనే జపాన్ కర్మాగారాల స్థాయికి చేరువైంది. మన్నిక దేశానికో జాతికో సంబంధించిన గుణం కాదని నేను గట్టిగా నమ్మడానికి ఇదే కారణం.

అక్కడే టయోటా కరోలా, జనరల్ మోటార్స్ వారి జియో ప్రిజ్మ్ రెండూ తయారయ్యేవి. లోపల దాదాపు ఒకే కారు అయినా, పాత కార్ల మార్కెట్టులో కరోలాకే ఎక్కువ ధర పలికేది. అంటే కొంత విలువ కేవలం పేరుదే.

ఇక బరువులు లాగే పెద్ద పికప్ ట్రక్కుల విషయంలో అమెరికా సంస్థలదే పైచేయి. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ అక్కడ దశాబ్దాలుగా అత్యధికంగా అమ్ముడవుతున్న ట్రక్కు. దిగుమతి ట్రక్కులపై 1964 నుంచి ఉన్న 25 శాతం సుంకం కూడా ఆ ఆధిక్యానికి తోడ్పడింది.