నో కాస్ట్ ఈఎమ్‌ఐ మీద గ్రాఫిక్స్ కార్డు కొనవచ్చా?

ప్రశ్న: హనుమకొండలో ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయుడిని. జీతం 22,000 రూపాయలు. మే నెలలో రాదు. పొదుపు 30,000 ఉంది. నా కంప్యూటర్‌లో నాలుగో తరం కోర్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 750 టీఐ గ్రాఫిక్స్ కార్డు (ఆటల దృశ్యాలను తెర మీద చూపే భాగం) ఉన్నాయి. కొత్త ఆటలు నడవడం లేదు. 27,000 రూపాయల ఆర్‌టీఎక్స్ 4060ను క్రెడిట్ కార్డుపై తొమ్మిది నెలల నో కాస్ట్ ఈఎమ్‌ఐకి ఇస్తామని దుకాణంవారు అంటున్నారు. తెలిసినవారొకరు వాడిన జీటీఎక్స్ 1650ను 6,500కు ఇస్తామన్నారు. ఏది మేలు?

జవాబు: ఈఎమ్‌ఐ జోలికి వెళ్లకండి. 4060 మంచి కార్డే. కానీ 2013 నాటి మీ ప్రాసెసర్ దాని వేగానికి తగినట్టు పని అందించలేదు కాబట్టి, చాలా ఆటల్లో మీరు డబ్బు పెట్టి కొన్న వేగంలో కొంత వాడకంలోకే రాదు. పైగా ఆ కార్డుకు 115 వాట్ల విద్యుత్తు కావాలి. కార్డును గుచ్చే మదర్‌బోర్డు స్లాట్ ఇవ్వగలిగేది 75 వాట్లే. మిగిలినది పవర్ సప్లై నుంచి వేరే కేబుల్ ద్వారా రావాలి. మీ 750 టీఐ 60 వాట్లతో సరిపెట్టుకునేది కనుక, మీ పాత పవర్ సప్లైకి ఆ కేబుల్ లేకపోతే దాన్నీ మార్చాల్సి వస్తుంది.

నో కాస్ట్ అనే మాట వినగానే, నగదుకు ధర ఎంతో అడగండి. ఈ పథకంలో వడ్డీ మాయం కాదు, అంత మొత్తాన్ని ముందే ధరలో తగ్గించి చూపుతారు, అంతే. ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుంటే, నెలకు 3,000 చొప్పున తొమ్మిది కిస్తీల్లో వడ్డీ సుమారు 1,700. దాని మీద 18 శాతం జీఎస్‌టీ, అంటే మరో 300 రూపాయలు, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. అంతకన్నా ముఖ్యం, మొదటి కిస్తీ జూన్, జూలై, ఆగస్టుల్లో పడితే తప్ప, ఒక కిస్తీ తప్పకుండా మీకు జీతం రాని మే నెలలో పడుతుంది. అది తప్పితే, చాలా క్రెడిట్ కార్డుల మీద బాకీ వడ్డీ ఏడాదికి 36 శాతం దాటుతుంది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు అధికారికంగా కనీసం ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉండాలి. అంటే ఈ యంత్రం మీద ఎక్కువ పెట్టుబడి పెట్టే కాలం దాటిపోయింది. నా లెక్కలో దీనికి 8,000 మించకూడదు.

అందులో 1650 ఇమిడిపోతుంది. 2019లో వచ్చిన ఈ కార్డుకు 4 జీబీ మెమరీ ఉంది. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెర మీద, సెట్టింగులు తగ్గించుకుంటే, చాలా ఆటలు ఆడుకోవచ్చు. సరికొత్త పెద్ద ఆటలన్నీ నడుస్తాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. దీనిలో చాలా మోడళ్లు స్లాట్ విద్యుత్తుతోనే నడుస్తాయి, కొన్నింటికి ఆరు పిన్నుల కేబుల్ కావాలి. కార్డు పై అంచున ఆ సాకెట్ ఉందో లేదో కొనే ముందే చూడండి. ఇదే ధరలో ఆర్‌ఎక్స్ 6400 దొరికినా వద్దు: అది మదర్‌బోర్డుతో నాలుగు లేన్ల (సమాచారం వెళ్లే దారుల) మీదే పనిచేస్తుంది కాబట్టి పాత మదర్‌బోర్డుల మీద వేగం కోల్పోతుంది.

మిగిలే 1,500లో సెకండ్ హ్యాండ్ డీడీఆర్3 (మీ యంత్రంలో వాడే పాత రకం) ర్యామ్ మరో 8 జీబీ దొరికితే తీసుకోండి, కొత్తది మాత్రం కొనకండి. రేపు కొత్త కంప్యూటర్‌కు అది పనికిరాదు. పొదుపులో మిగిలే 22,000 మీ మే నెల జీతం. దాన్ని ముట్టుకోకుండా బ్యాంకులో విడిగా ఉంచి, కిస్తీకి కట్టాలనుకున్న 3,000లో 2,000 అయినా నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మే నెల డిపాజిట్ వాయిదాకు సరిపడే సొమ్మును ఏప్రిల్‌లోనే ఖాతాలో ఉంచండి.

డబ్బు ఇచ్చే ముందు అమ్మేవారి ఇంట్లోనే అరగంట ఏదైనా బరువైన ఆట నడిపించి చూడండి. తెర మీద రంగు చుక్కలు కనిపించినా, ఫ్యాను గరగరలాడినా, పరీక్షించనివ్వకపోయినా, ఆ కార్డు వదిలేయండి.