గ్రాడ్యుయేషన్ గౌను సరే, జూన్ అద్దె మాటేమిటి?

తమ్ముడూ, నీ ప్రశ్నలన్నీ చదివాను. గౌను కొనాలా అద్దెకు తీసుకోవాలా, అమ్మానాన్నల్ని మే నెలలో రప్పించాలా, ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడుకోవాలా, డిగ్రీకి ఫ్రేము ఎక్కడ కట్టించాలి, అన్నీ అడిగావు. జూన్ నెల అద్దె ఎక్కణ్ణుంచి కట్టాలన్నది మాత్రం అడగలేదు. ఇక్కడ అమెరికాలో, డాలస్ చుట్టుపక్కల డెంటన్, రిచర్డ్‌సన్, ఆర్లింగ్టన్‌లలో చదివే మన పిల్లలు ఏటా నా దగ్గరికి వస్తుంటారు, వాళ్ళూ ఆ ఒక్కటే అడగరు. మీరంతా తెలివైనవాళ్ళే, డబ్బు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంకా ఇంట్లో ఉన్నట్టే ఆలోచిస్తారు. అందుకని అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నీకు క్యాంపస్‌లో పని ఉందన్నావు. యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 కాగితం మీద ప్రోగ్రామ్ ముగిసే తేదీ ఉంటుంది చూడు, అది దాటాక ఆ పని చెయ్యకూడదు. ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ కొంతకాలం పని చేసుకోవడానికిచ్చే అనుమతి, దాని కార్డు వచ్చి, దాని మీద వేసిన తేదీ మొదలయ్యేదాకా బయట ఎక్కడా కూడా చెయ్యకూడదు. అంటే నువ్వు స్టేజీ ఎక్కే రోజుల్లోనే చేతికొచ్చే జీతం ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే గౌను, ఫోటోలు, పార్టీ, టికెట్లు, ఇల్లు మారడం అన్నీ కలిసి మీద పడతాయి. ప్రోగ్రామ్ ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచే ఓపీటీకి అప్లై చెయ్యొచ్చు, ముగిశాక 60 రోజుల దాకా గడువుంటుంది. గడువుంది కదా అని కూర్చోకు. మిగతా రూల్స్ మీ ఇంటర్నేషనల్ ఆఫీసువాళ్ళు చెబుతారు, ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ సైట్‌లోనూ ఉంటాయి.

నా సంగతి చెబుతాను. ఖమ్మంలో ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి నాన్న నన్ను పంపించారు. చివరి సెమిస్టర్లో గౌను కంపెనీ నుంచి మెయిళ్ళు మొదలయ్యాయి. ఈ రోజే ఆఖరు, రేపటి నుంచి ధర పెరుగుతుంది అని. గౌను, టోపీ, హుడ్ (మెడలో వేసుకుంటే వీపు మీదికి వేలాడే రంగుల గుడ్డ)తో పాటు ఉంగరం, నా పేరు బంగారు రంగులో అచ్చు వేసిన ఆహ్వాన కార్డులు, అన్నీ కలిపి ప్యాకేజీ తీసుకున్నాను. కార్డులు వచ్చాక చూస్తే ఇండియాకి ఒక్కొక్కటి పోస్టు చెయ్యడానికి మళ్ళీ ఖర్చు. ఆ కవర్లలో చాలావరకు చివరికి కిరాణా లిస్టులు రాసుకోవడానికే పనికొచ్చాయి.

అమ్మానాన్నల వీసా ఇంటర్వ్యూ ఆలస్యంగా జరిగింది. టికెట్లు ఆఖరి నిమిషంలో, సీజన్ ధరకి కొన్నాం. వాళ్ళు దిగేనాటికి నా క్యాంపస్ జీతం ఆగింది, కార్డు ఇంకా రాలేదు. రూమ్‌మేట్స్ మధ్య వాళ్ళని ఉంచలేక కొన్నాళ్ళు మోటెల్‌లో పెట్టాను. నాన్న షాపులో ఏది తీసినా వెనక ధర చూసి, రూపాయల్లోకి మార్చి, మళ్ళీ అరలో పెట్టేసేవారు. ఒక రాత్రి మెల్లగా అడిగారు, "అమ్మా, కార్డు వచ్చేదాకా ఏదైనా చిన్న పని చేసుకోవడానికి ఒప్పుకోరా?" అని. ఒప్పుకోరని చెప్పాను. అలా దొంగచాటుగా పని చేస్తే స్టూడెంట్ వీసా స్టేటస్ పోతుందని కూడా చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఇంటికి వెళ్ళాక డబ్బు పంపించారు. అది అమ్మ గొలుసు మీద తెచ్చిన గోల్డ్ లోన్ అని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

కార్డు వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. మొదట గొలుసు విడిపించాను, తర్వాత ఇంటి కాగితాలు. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఇక్కడ ఇల్లు కట్టుకున్నాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. నువ్వూ అలాగే గట్టెక్కుతావు. కానీ మీ అమ్మ మెడలో గొలుసు మెడలోనే ఉండాలి.

కాబట్టి ముందు ఈ లెక్క వేసుకో. కనీసం మూడు నెలల అద్దె, తిండి, ఫోను, కారుంటే దాని ఇన్సూరెన్స్, ఓపీటీ ఫీజు. ఇవన్నీ కలిపి వేరే అకౌంట్‌లో వేసి, దాన్ని ముట్టుకోకు. యూనివర్సిటీ హెల్త్ ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కూడా చూసుకో. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ ఎప్పుడు మొదలవుతుందో నాన్నగారిని కాదు, బ్యాంకునే అడుగు. నాన్నలు "నువ్వేం టెన్షన్ పడకు" అనే అంటారు. ఇవన్నీ పోగా మిగిలిందే నీ గ్రాడ్యుయేషన్ బడ్జెట్.

గౌను కొనక్కర్లేదు. మీ సీనియర్ల వాట్సాప్ గ్రూప్‌లో అడిగితే దొరుకుతుంది. అయితే చూసి తీసుకో. మాస్టర్స్ గౌను చేతులు బ్యాచిలర్స్‌వాటిలా ఉండవు. బాగా పొడుగ్గా కిందకి వేలాడుతూ చివర కుట్టేసి ఉంటాయి, మధ్యలో ఉన్న చీలికలోంచి మన చెయ్యి బయటికొస్తుంది. ఆ కుట్టేసిన కొసలో ఫోను, తాళాలు పడతాయి, వేరే జేబు అవసరం ఉండదు. హుడ్ మాత్రం మీ యూనివర్సిటీ సీనియర్ దగ్గరే, అదీ నీ డిగ్రీ చేసినవాళ్ళ దగ్గరే తీసుకోవాలి. లోపలి సిల్కు గుడ్డ యూనివర్సిటీ రంగుల్లో ఉంటుంది, అంచు వెల్వెట్ సబ్జెక్టును బట్టి మారుతుంది. ఇంజనీరింగ్‌కి నారింజ, సైన్స్‌కి బంగారు పసుపు. కంప్యూటర్ సైన్స్ ఒక్కోచోట ఒక్కో విభాగం కింద వస్తుంది, డిపార్ట్‌మెంట్‌లో అడుగు.

హుడ్‌కి ముందువైపు చిన్న దారపు ఉచ్చు ఉంటుంది. దాన్ని చొక్కా బొత్తానికి తగిలించాలి, లేకపోతే వెనక బరువుకి జారి గొంతు పట్టేస్తుంది. చీరో, డ్రెస్సో వేసుకునే ఆడపిల్లలకి బొత్తాం ఉండదు కదా, భుజాల దగ్గర రెండు పిన్నీసులు పెట్టుకోమను. మీ ఫ్రెండ్స్‌కీ చెప్పు. గౌను మడతలు పోవాలంటే బాత్రూమ్‌లో తగిలించి వేడినీళ్ళు కాసేపు వదిలితే చాలు. పాలిస్టర్ మీద కాలే ఇస్త్రీ పెట్టావంటే అద్దెకిచ్చినవాళ్ళకి కొత్త గౌను డబ్బులు కట్టాలి.

ఫ్రేము ఇప్పుడు వద్దు. స్టేజీ మీద చేతిలో పెట్టేది మామూలుగా ఖాళీ అట్టే. మార్కులన్నీ ఖరారయ్యాక, కొన్ని వారాలకి అసలు డిప్లొమా పోస్టులో వస్తుంది. నువ్వు ఆలోపు ఇల్లు మారతావు. కాబట్టి కదలకుండా ఒకేచోట ఉండే బంధువుల అడ్రస్ ఇవ్వు. అది పోతే డూప్లికేట్‌కి ఫీజు కట్టాలి, పైగా వారాల తరబడి ఎదురు చూడాలి. గ్రాడ్యుయేషన్ అప్లికేషన్ సెమిస్టర్ మొదట్లోనే పెట్టాలి, గడువు దాటితే లేట్ ఫీజు వేస్తారు. అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయి. మనవాళ్ళకి ఇంటిపేరు, పేరు కలిసిపోయి వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంటుంది. నీదీ అలా ఉంటే రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే అడుగు. పేరు ఎలా పలకాలో రికార్డు చేసి పంపమంటే అశ్రద్ధ చెయ్యకు, అది ఉచితమే.

ఇక అమ్మానాన్నలు. వీసా ప్రయత్నం ఇప్పుడే మొదలుపెట్టు. ఫీజు మనిషికి ఇంతని ఉంటుంది, వీసా వచ్చినా రాకపోయినా తిరిగి ఇవ్వరు, ఎంతో కట్టే ముందు కాన్సులేట్ సైట్‌లో ఒకసారి చూసుకో. కానీ వీసా వస్తే మనవాళ్ళకి మామూలుగా పదేళ్ళకి ఇస్తారు, అందుకే ఆ డబ్బు దండగ కాదు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో డేట్ ఎప్పుడు దొరుకుతుందన్నది మన చేతుల్లో లేదు. పాస్‌పోర్టులో స్టాంపు పడేదాకా టికెట్ మాత్రం కొనొద్దు. వీసా మే నెలకి వచ్చినా రప్పించడం ఉద్యోగం వచ్చాకే మేలని నా అభిప్రాయం. అప్పుడు నీకంటూ ఒక ఇల్లుంటుంది, వాళ్ళు ధరలు చూసి బెంగపడరు, షుగరు, బీపీ ఉన్నవాళ్ళకి కాస్త మంచి విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోగలుగుతావు. వాళ్ళు రాకపోయినా వేడుక చూడొచ్చు. మే నెలలో డాలస్‌లో ఉదయం పదిగంటలంటే ఇండియాలో రాత్రి ఎనిమిదిన్నర. యూనివర్సిటీవాళ్ళు లైవ్ పెడతారు, టీవీకి కలిపితే తాతమ్మతో సహా ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్ళూ చూస్తారు. స్టేడియంలో దూరంగా కూర్చుని చూసేదానికంటే నీ మొహం వాళ్ళకి అందులోనే బాగా కనిపిస్తుంది.

అయితే ఒక మాట. నాన్నగారి ఆరోగ్యం అంతంతమాత్రమని రాశావు. ఇప్పుడు కాకపోతే మళ్ళీ కుదరదని నీ మనసుకి అనిపిస్తే, నేను చెప్పిన లెక్కంతా పక్కన పెట్టి రప్పించు. ఉంగరం, కార్డులు, ఫోటోగ్రాఫర్, అన్నీ మానేసి ఆ డబ్బు టికెట్లకి పెట్టు. సీట్లకి పాసులు ఇచ్చే యూనివర్సిటీ అయితే ముందే తీసుకో. ఆ రోజు సెక్యూరిటీ దగ్గర పారదర్శకమైన సంచులే లోపలికి పోనిస్తారేమో చూసుకో, అమ్మ హ్యాండ్‌బ్యాగ్ మందులతో సహా కారులో వదిలేయాల్సి వస్తే ఇబ్బంది.

ఫోటోల కోసం వేడుకకి రెండు మూడు రోజుల ముందు పొద్దున్నే ఫ్రెండ్‌ని తీసుకుని క్యాంపస్‌కి వెళ్ళు. రద్దీ ఉండదు, ఎండా ఉండదు. స్టేజీ మీద ఫోటోలు తీసే కంపెనీ తర్వాత మెయిల్స్ పంపుతుంది, కొనాలని ఏమీ లేదు. పార్టీ ఎవరికి వాళ్ళు హోటల్లో ఇవ్వకుండా నలుగురైదుగురు కలిసి అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పెట్టుకోండి. ఒకరు పులిహోర, ఒకరు బిర్యానీ, ఒకరు పెరుగన్నం తెచ్చుకుంటే సరిపోతుంది. క్లబ్‌హౌస్‌కి డిపాజిట్ అడుగుతారు. అయిపోయాక ఊడ్చి, చెత్త పారేసి, గది ఫోటోలు తీసి ఆఫీసుకి మెయిల్ చెయ్యి, డిపాజిట్ వెనక్కి వస్తుంది.