బీరువాలో ఫోన్లు ఆసుపత్రి బిల్లు కట్టవు

ప్రశ్న: మేడమ్‌గారూ, మాది ఆమదాలవలస. శ్రీకాకుళంలో ఒక మందుల ఏజెన్సీలో పనిచేస్తాను, జీతం 19,000. మా ఆవిడ కుట్టుమిషన్ మీద నెలకు 4,000 దాకా తెస్తుంది. అమ్మ, మూడేళ్ల పాప మాతోనే ఉంటారు. ఇంటి ఖర్చు 18,500. ఇరవై నెలలుగా ఆన్‌లైన్‌లో పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కొని, బాగుచేసి అమ్ముతున్నాను. 71,000 లాభం వచ్చింది, రెండుసార్లు మోసపోయాను. ప్రస్తుతం ఇంట్లో 62,000 సరుకు, బ్యాంకులో 9,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 38,000, యాప్ అప్పు 15,000. హైదరాబాద్ నుంచి రిటర్న్ ఫోన్లు (కొన్నవాళ్లు వెనక్కి ఇచ్చేసినవి) ముప్పై కలిపి ఒక లాట్‌గా లక్షన్నరకు ఇస్తామంటున్నారు. దానికి 24 శాతం వడ్డీ మీద రెండేళ్ల పర్సనల్ లోన్ దొరుకుతోంది. తీసుకోమంటారా?

జవాబు: తీసుకోవద్దు.

మీరడిగిన దానికి ఆ ఒక్క మాట చాలు. మీరు అడగని విషయం ఒకటి మీ ఉత్తరంలో ఉంది, ఇంత జవాబు దాని కోసం రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చే ఉత్తరాల్లో ఇదే పొరపాటు మళ్లీ మళ్లీ చూస్తున్నాను. చీరలు తెచ్చి ఇంట్లో అమ్మేవాళ్లు, పలాస జీడిపప్పు తెచ్చి ప్యాకెట్లు కట్టేవాళ్లు, ఇప్పుడు పాత ఫోన్లవాళ్లు. ఉన్న డబ్బంతా సరుకులో పెట్టేసి, 'సరుకు ఇంట్లోనే ఉంది కదా, అవసరమైతే అమ్ముకుంటాం' అని ధైర్యంగా ఉంటారు.

ఆ అవసరం మీకు జూన్‌లో వచ్చింది. లాట్ గురించి రెండు పేజీలు రాశారు, దీని గురించి మూడు లైన్లు రాశారు. నేను ఆ మూడు లైన్ల దగ్గరే ఆగిపోయాను. అమ్మగారు నూతి దగ్గర జారిపడి చేయి విరిగింది. ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు 26,000 కట్టమన్నారు. ఆ రోజు మీ బీరువాలో 70,000 సరుకుంది, ఖాతాలో 2,000 ఉన్నాయి. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఫొటోలు పెట్టారు. గంటలో పదకొండు మెసేజ్‌లు వచ్చాయి. పదకొండూ 'లాస్ట్ ఎంత?' అనేవే. ఒక్కరూ బయలుదేరలేదు. సాయంత్రానికి 22,000 పలికే ల్యాప్‌టాప్‌ను ఒక షాపులో 14,500కు ఇచ్చేసి, మిగతాది యాప్‌లో అప్పు చేశారు.

ఒక్క సాయంత్రంలో 7,500 పోయాయి. ఏ మోసగాడూ తీసుకుపోలేదు. ఇంట్లో విడిగా 26,000 లేకపోవడం వల్ల పోయాయి. మీరు మాత్రం నష్టాల్లో దీన్ని రాసుకోలేదు.

పాత ఎలక్ట్రానిక్స్‌తో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. బంగారమైతే ఎంత తొందరలో ఉన్నా ఆ రోజు ధరకు అటూ ఇటుగా వస్తుంది. ఫోన్ అలా కాదు. కొత్త మోడల్ వస్తే పాతదాని ధర పడుతుంది. దసరా ముందు ఆన్‌లైన్ సేల్ పెడితే ఇంకా పడుతుంది. నెలరోజులు బీరువాలో ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది. పైగా మీ తొందర కొనేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అలాంటి వారంలో మీ ఐదు ఫోన్లూ ఎవరికి అమ్ముతారు? మన జిల్లాల్లో తుపాను ఎప్పుడో వచ్చే చుట్టం కాదు. అందుకే మన దగ్గర అత్యవసర నిధి అంటే బ్యాంకులో ఉన్న డబ్బు, దాంతోపాటు ఇంట్లో నాలుగైదు వేల నోట్లు. సరుకు అందులోకి రాదు. రావలసిన బాకీలు రావు. కార్డు లిమిట్ అసలే రాదు.

ఇప్పుడు మీ 71,000 లాభం సంగతి. మీరు పంపిన కాగితంలో కొన్న ధర, అమ్మిన ధర, తేడా ఉన్నాయి. పోయిన డబ్బుకు అందులో చోటు లేదు. మోసపోయిన రెండు బేరాలూ, అంటే ల్యాప్‌టాప్ అడ్వాన్స్ 18,500, లాక్ పడిన ఐఫోన్ మీద 13,000 తీసేయండి. 39,500 మిగిలాయి. కార్డు స్టేట్‌మెంట్లు కూడా చూశాను. మినిమమ్ డ్యూ (నెలనెలా తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రమే కడుతూ వచ్చిన ఎనిమిది నెలల్లో వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి 12,000 దాకా అయింది. యాప్ అప్పు రెండుసార్లు తీర్చి మళ్లీ తీసుకున్నారు, ఆ ఛార్జీలు 3,600. ఇక మిగిలింది 23,900. ఇరవై నెలలకు పంచితే నెలకు సుమారు 1,200. విశాఖ ప్రయాణాల పెట్రోలు, ఆదివారాలన్నీ పోవడం ఇందులో లేవు. నెలకు 1,200 సంపాదించిన వ్యాపారాన్ని నమ్ముకుని నెలకు 7,930 ఈఎంఐ ఎత్తుకుంటానంటున్నారు. లక్షన్నరకు రెండేళ్లలో కట్టేది 1,90,000 దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం.

ఆ లాట్ సంగతైతే చదువుతుంటేనే కోపం వచ్చింది. 'టెస్ట్ చేయలేదు, వెనక్కి తీసుకోం, డబ్బు ముందే పంపాలి' అని వాళ్లే చెబుతున్నారని రాశారు. ముప్పై ఫోన్లలో ఎన్ని బోర్డు పోయినవో, ఎన్ని దొంగిలించినవో మీకు తెలియదు. అమ్మేవాడికి తెలుసు, అందుకే ఆ ధరకు ఇస్తున్నాడు. దొంగ సొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. బిల్లుల్లేని ముప్పై ఫోన్లు ఇంట్లో పెట్టుకుని 'నాకు తెలియదు' అంటే ఎవరు నమ్ముతారు?

మీకు చేయి తిరిగిన పని ఉంది. ఆ సంగతి కూడా మీ కాగితంలోనే కనిపించింది. విశాఖలో ఒక విద్యార్థి దగ్గర బిల్లు, బాక్సుతో సహా కెమెరా 16,000కు కొని పలాసలో పెళ్లి ఫొటోలు తీసే కుర్రాడికి 21,500కు అమ్మారు. ఆరు నెలల తర్వాత అతనే ఫోన్ చేసి లెన్స్ దొరికితే చెప్పమన్నాడట. 14,000కు కొన్న ల్యాప్‌టాప్‌లో 2,200 పెట్టి ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజీ) వేసి 20,500కు ఇచ్చారు. మీకు లాభం వచ్చిన బేరాలన్నీ ఒకలాంటివే. మనిషిని ఎదురుగా చూశారు, వస్తువును ఆన్ చేసి చూశారు, బిల్లు తీసుకున్నారు, సొంత డబ్బుతో కొన్నారు. ఒకసారికి ఒకటే కొన్నారు.

మా ఇంట్లోనూ అలాగే మంచి జరిగింది. మా అమ్మాయి ల్యాప్‌టాప్ విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒకాయన ఇంటికి వెళ్లి కొన్నాం. ఆయన మేం అడక్కుండానే మూత తెరిచి, ఎడమ వైపు హింజ్ వదులైందని చూపించి, అందుకని 1,000 తగ్గించారు. నాలుగేళ్లయింది, ఇప్పటికీ అదే వాడుతోంది.

పోయిన బేరాలు రెండూ తొందరలో చేసినవి, రెండూ కార్డు డబ్బుతో చేసినవి. మిలిటరీ యూనిఫాం ఫొటో, క్యాంటీన్ కార్డు, కొరియర్ రసీదు పంపినవాడికి ల్యాప్‌టాప్ అడ్వాన్స్ అని 18,500 వేసేశారు. ఆ ఫొటో చాలామందికి వెళ్లి ఉంటుంది. మా పాత ఫ్రిజ్ అమ్మకానికి పెట్టినప్పుడు నాకూ అలాంటి వాడే ఫోన్ చేసి, 'క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి మేడమ్, డబ్బు మీకొస్తుంది' అన్నాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. 2025 అక్టోబరు 1 నుంచి మనుషుల మధ్య డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐలో ఆపేశారు గానీ, క్యూఆర్ పేరుతో చేసే మోసం ఆగలేదు. ఐఫోన్ విషయంలో 21,000 పెట్టేముందు పాత యజమాని అకౌంట్ తీసేశాడా లేదా అని రెండు నిమిషాలు చూడలేదు. చివరికి విడిభాగాల కింద 8,000కు పోయింది. ఇకమీదట ఏ ఫోన్ కొన్నా స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) చూసుకుని, కేవైఎం (KYM) అని రాసి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పెట్టండి. బ్లాక్ అయినదైతే అక్కడే తెలుస్తుంది. తెలిశాక ధర ఎంత తగ్గించినా కొనకండి.

18,500 పోయిన రోజు సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదని రాశారు. అందరూ ఇదే చేస్తారు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు చేతులు మారకముందే ఖాతాలో ఆపించే వీలుంటుంది. ఇప్పుడు ఆలస్యమైంది, అయినా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. వస్తుందని ఆ డబ్బును మాత్రం లెక్కలో వేసుకోవద్దు.

ఇక అప్పుల సంగతి. యాప్ వాళ్లు 15,000 రాసుకుని చేతికి 13,200 ఇచ్చారు, 60 రోజుల్లో 15,000 కట్టాలి. ఏడాదికి లెక్కేస్తే 80 శాతం దాటింది. దాన్ని 'చిన్న ఛార్జీ' అన్నారు మీరు. 'రొటేషన్ చేసుకుంటున్నాను' అని కూడా రాశారు. కార్డుతో యాప్ కట్టి, యాప్‌తో కార్డు కట్టడాన్ని రొటేషన్ అనకండి. అది అప్పు పెరగడం. అప్పు ఇచ్చేవాళ్లు మొత్తం వడ్డీ, ఛార్జీలు కలిపి ఏడాదికి ఎంత శాతమో ఒక కాగితం మీద ముందే చూపించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. మీకు ఆ కాగితం ఇచ్చారా? ఇచ్చినా చూడకుండా నొక్కేశారా?

చేయవలసింది ఇది. కొనడం ఈ రోజే ఆపండి. ఉన్న ఐదు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు 45 రోజుల్లో అమ్మేయండి. 62,000 అని మీరు వేసుకున్న ధర రాదు, 48,000 వస్తాయనుకుందాం. బ్యాంకులోని 9,000 కలిపితే 57,000. అందులో 15,000 యాప్‌కు, 27,000 కార్డుకు. మిగిలిన 15,000 కార్డుకు కట్టేస్తే వడ్డీ తగ్గుతుంది కదా అని మీకు అనిపిస్తుంది. లెక్క ప్రకారం అది నిజమే. అయినా కట్టొద్దంటున్నాను. చేతిలో ఏమీ లేకుండా కార్డు తీర్చినవాళ్లు మళ్లీ ఒక్క జ్వరానికే ఆ కార్డు గీస్తారు, నేను ఎన్నోసార్లు చూశాను. ఆ 15,000 మీ అత్యవసర నిధికి మొదటి మెట్టు. కార్డు మీద మిగిలే 11,000ను నెలకు 4,500 చొప్పున మూడు నెలల్లో తీర్చండి. ఆ తర్వాత అదే 4,500 నిధిలోకి. నాలుగు నెలల ఖర్చు అంటే 74,000. పదమూడు నెలలు పడుతుంది. పట్టనివ్వండి.

ఈ డబ్బు మీ ఆవిడ పేరు మీద వేరే బ్యాంకు ఖాతాలో పెట్టండి. ఆ ఖాతాకు యూపీఐ పెట్టొద్దు. రాత్రి పదకొండింటికి మంచి బేరం కనిపించినప్పుడు మీ వేలు దాని మీదకు పోకూడదు. ఏటీఎం కార్డు ఇంట్లో ఉంటే చాలు. ఈ ఖాతాలో ఎంతుందో ఆవిడకు తెలియాలి, తీసే ముందు ఆవిడను అడగాలి. మీ ఉత్తరం మొత్తంలో కార్డు బాకీ సంగతి ఆవిడకు తెలుసని ఎక్కడా రాయలేదు. ఈ రాత్రే చెప్పండి.

వ్యాపారం పూర్తిగా మానేయమనడం లేదు. నిధి 40,000కు చేరేదాకా సరుకు కొనకుండా చేయండి. వస్తువు చూసి మంచి చెడ్డ చెప్పగలగడమే మీ పెట్టుబడి. ఆమదాలవలసలో పాత ఫోన్ అమ్మాలనుకుని భయపడే మాస్టార్లు, రిటైరైన రైల్వే ఉద్యోగులు మీ చుట్టూనే ఉన్నారు. వాళ్ల వస్తువును శుభ్రం చేసి, డేటా చెరిపి, ఫొటోలు తీసి, కొనేవాణ్ని శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ లాంటి జనం ఉన్న చోటికి రప్పించి అమ్మిపెట్టండి. కమిషన్ తీసుకోండి. వస్తువు అమ్ముడుపోకపోతే మీకు పోయేదేమీ లేదు. 40,000 దాటాక, వచ్చిన కమిషన్ డబ్బుతోనే ఒకసారికి ఒక వస్తువు కొనండి. అది అమ్ముడుపోయాకే రెండోది. లాభంలో సగం నిధికి.

అడిగిన మిగతావాటికి పొట్టిగా. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పొదుపు) సంగతి నిధి నిండాక చూద్దాం. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర రుణం గురించి బిల్లులు, లెక్కలు ఉన్న షాపు పెట్టినప్పుడు ఆలోచించండి. ఆవిడ బంగారం కుదువ పెట్టొద్దు. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా మీ బ్యాంకులోనే ఈ వారం తీసుకోండి. అమ్మగారికి ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో, శ్రీకాకుళంలో ఏ ఆసుపత్రులు ఆ జాబితాలో ఉన్నాయో ఇప్పుడే కనుక్కుని కాగితం మీద రాసి పెట్టుకోండి. జూన్‌లో ఆ కాగితం ఉంటే ఆ 26,000 అడిగిన చోటికి వెళ్లేవారే కాదేమో.

మొదటి ల్యాప్‌టాప్ ఈ ఆదివారమే అమ్మకానికి పెట్టండి. 18,000 అనుకుంటారు, 16,500 వచ్చినా ఇచ్చేయండి. డబ్బు రాగానే యాప్ అప్పు కట్టి, బాకీ లేదన్న పత్రం దించుకుని, ఆ తర్వాతే ఆ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి.