సొంత జెట్‌లు చేసే చిన్న కంపెనీలు నిలబడతాయా?

నాగార్జునసాగర్ వైపు తిరిగే ట్రైనింగ్ విమానాలు చూసి, "నలుగురైదుగురు పట్టే జెట్‌ని కారులా కొనుక్కునే రోజు వస్తుందా, ఆ కంపెనీలు బతుకుతాయా" అని అడిగారు.

కష్టమే. విమానం తయారుచేసి ఎగిరించడం ఒక ఎత్తు, సర్టిఫికేషన్, అంటే ఎగరడానికి సురక్షితమని ప్రభుత్వం ఇచ్చే అనుమతి, ఇంకో ఎత్తు. రూపాయి రాబడి లేకుండా ఏళ్ల తరబడి ఖర్చు పెడుతూనే ఉండాలి.

అమెరికాలో చిన్న జెట్‌లు చేసిన ఎక్లిప్స్ కంపెనీ సంగతే చూడండి. 1998లో మొదలైంది. పది లక్షల డాలర్లలోపే జెట్ ఇస్తామన్నారు. ముందు అనుకున్న విలియమ్స్ ఇంజిన్ పనికిరాలేదు. ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్‌కు మారి అనుమతి తెచ్చుకునేసరికి 2006 వచ్చింది. ఆ ధర గిట్టాలంటే ఏటా వందల జెట్‌లు అమ్ముడుపోవాలి. పెద్ద ఆర్డరిచ్చిన ఎయిర్ టాక్సీ సంస్థ డేజెట్ 2008 సెప్టెంబర్‌లో ఆగిపోయింది, నవంబర్‌లో ఎక్లిప్స్ దివాలా తీసింది. పత్తి రేటు బాగుందని అప్పుచేసి ఎకరాలకెకరాలు కౌలుకు పట్టినట్టే అయింది వాళ్ల పని.

ఇలాంటి జెట్ చేయబోయిన ఆడమ్ కంపెనీ కూడా అదే ఏడాది మూతపడింది. చిన్న విమానాల కంపెనీ పైపర్ 2011లో తన జెట్ ప్రాజెక్టు ఆపేసింది.

నిలిచింది సిరస్ కంపెనీ చేసే విజన్ జెట్. ఒకటే ఇంజిన్, ఆపదొస్తే విమానం మొత్తాన్ని కిందికి దించే పారాచూట్. 2016లో అనుమతి వచ్చింది. అయితే సిరస్‌కు పిస్టన్ విమానాల (ప్రొపెల్లర్‌తో ఎగిరే చిన్న విమానాల) అమ్మకాలున్నాయి, 2011 నుంచి చైనా ప్రభుత్వ సంస్థ పెట్టుబడీ ఉంది. హోండాజెట్ వెనక హోండానే ఉంది. అలాంటి అండ లేని కొత్త కంపెనీకి నేనైతే బయానా కట్టను.

ఇక మన దగ్గరంటారా, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోని అడ్డాకల్ విమానాశ్రయం ఇంకా ప్రతిపాదనే. పాలమూరులో ఎవరైనా కొన్నా శంషాబాద్‌లోనో బేగంపేటలోనో పెట్టుకోవాల్సిందే.