సూపర్ కెపాసిటర్ ఎలక్ట్రోడ్: అల్యూమినియం రేకుకు కార్బన్ పూస్తే చాలదా?

పూయడం తేలికే, అది ఊడకుండా నిలవడమే కష్టం. సూపర్ కెపాసిటర్ అంటే విద్యుత్ ఛార్జ్‌ను దాచుకునే పరికరం, ఎలక్ట్రోడ్ అంటే అందులో ఛార్జ్ నిలిచే పలక.

ఛార్జ్ నిలిచేది యాక్టివేటెడ్ కార్బన్ (సన్నని రంధ్రాలతో నిండిన బొగ్గు పొడి) రంధ్రాల గోడల మీద. ఒక్క గ్రాములో 1,500 చదరపు మీటర్ల ఉపరితలం ఉండడం మామూలే. కానీ ఈ పొడిలో కరెంటు అంత బాగా పారదు, అందుకే కరెంటు బాగా పారే మసిలాంటి కార్బన్ బ్లాక్ కొంచెం కలుపుతారు. రేణువులు అంటుకోవడానికి జిగురులాంటి బైండర్ కావాలి. అది మరీ ఎక్కువైతే రంధ్రాలే మూసుకుపోతాయి.

అన్నీ ద్రావకంలో కలిపి, గాలి బుడగలు తీసేసి, సుమారు 20 మైక్రాన్ల రేకు మీద సమంగా పరుస్తారు. చాలామంది దెబ్బతినేది ఆరబెట్టే దగ్గరే. తొందరపడి వేడి పెంచితే ద్రావకంతో పాటు బైండర్ కూడా పైకి చేరి, రేకు దగ్గర తగ్గిపోతుంది. పైన గట్టిగానే కనిపిస్తుంది, రేకు మడిస్తే మాత్రం పూత పెచ్చులుగా లేచిపోతుంది.

తర్వాత రోలర్ల మధ్య నొక్కుతారు. చివర్లో వాక్యూమ్‌లో తేమంతా లాగేయాలి. ఆర్గానిక్ ఎలక్ట్రోలైట్ (నీటికి బదులు కర్బన ద్రావకంతో చేసిన, అయాన్లుండే ద్రవం) వాడే సెల్ 2.7 వోల్టుల దాకా పనిచేస్తుంది, లోపల నీటి చెమ్మ మిగిలితే అది విడిపోయి గ్యాస్ పుట్టి సెల్ ఉబ్బుతుంది.

ద్రావకమే వద్దనుకునేవాళ్లు కార్బన్‌ను బైండర్‌గా పనిచేసే టెఫ్లాన్ పొడితో కలిపి పిసికి, పొరలా సాగదీసి రేకుకు అతికిస్తారు. ద్రావకం ఆరబెట్టే గొడవే ఉండదు.